బోద వాసన, బూరుగ ముల్లు

మొన్న తెల్లారకముందే మొబ్బులో వాకింగుకని యూనివర్సిటీ లోపలికి పోతే గాలిలో ఒక వాసన తగిలింది. తిరుపతిలో ఉండేవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఎస్వీ యూనివర్సిటీలో నిలబడితే కొండ మీదికి ఒరిగినట్టే ఉంటుంది. రాత్రి పైన యాడనో గడ్డి కాలినట్టుంది. మంచుకు తడిసిన బూడిద వాసన, దాని వెనకాలే సన్నగా, నిమ్మగడ్డికి దూరపు చుట్టం లాంటి ఇంకో వాసన. నాతో నడిచే సారు “ఎవురో చెత్త తగలబెట్టినట్టుండారే” అని కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం అక్కడే ఆగిపోయినాను. అది చెత్త కాదు సామీ, బోద, ఇండ్ల కప్పుకేసే గడ్డి. కొండ బోద కాలిన వాసన. ఆ వాసన కింద మా ఇల్లుంది, మా నాయనుండాడు.

ఇంటికొచ్చి కాఫీ తాగేటప్పుడు మా ఆమెకు చెప్తే “పొద్దున్నే మొదలుపెట్టినావా” అనింది. అందుకే ఇక్కడ రాస్తా ఉండాను.

* * *

మా ఊరు భాకరాపేట ఘాటు దాటినాక, తలకోనకు పోయే దోవలో, నెరబైలుకు ఇవతల కొండ కాళ్ళ దగ్గర ఉంటుంది. ఇప్పుడు తలకోన అంటే కార్లేసుకొని పోయి 270 అడుగుల జలపాతం కింద ఫోటోలు దిగే తావు. మాకప్పుడు అది శివరాత్రి తావు. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర జాగారం చేసి, తెల్లారి చలికి వణుక్కుంటా ఇంటికి నడిచొస్తే “ఇంక చలి శివశివా అని పూడిసింది” అని అవ్వ దుప్పట్లన్నీ తీసి ఉతికేసేది. మరుసటి రోజు మళ్ళీ చలి పెట్టేది. అవ్వ ఒప్పుకునేది కాదు.

కనుమనాడు సందకాడ చిట్లాకుప్ప మండి ఆరిపోయిన దగ్గర్నుంచి ఉగాది వచ్చేదాకా మా ఊరి లెక్కలో పనిలేని కాలం. చెనిక్కాయలు ఇంటికి చేరి ఉంటాయి. అనపకాయలు కడాకరుకు వచ్చి, పితికిన పప్పు పులుసంటే పిలకాయలం మొహాలు తిప్పుకునే దశలో ఉంటాము. బావుల్లో నీళ్ళు దిగుతా ఉంటాయి. మడక గోడకు ఆనుకొని నిలబడి ఉంటుంది. మామిళ్ళు పూతతో, వంక పక్కన మోదుగలు ఆకు లేకుండా వొట్టి పూలతో.

పనిలేని కాలమని పేరే గానీ మా నాయనకు అంత పనుండే కాలం ఇంకోటి లేదు. కాకపోతే అది ఆయన ఇష్టపడి చేసే పని. తక్కిన పది నెలలు కయ్యలు చెప్పినట్టు ఆయన వినేవాడు. నోరు తెరిస్తే ఎద్దులతోనే. ఈ రెండు నెలలు మాత్రం కొండకు పోయి దిగొచ్చేటప్పుడు తలగుడ్డకు ఒక ముడి ఉండేది. ఆ ముడి విప్పేదాకా మేము ఆయన చుట్టూ కుక్కపిల్లల మాదిరి తిరిగేవాళ్ళం. ఒకనాడు రేగుపండ్లు, ఒకనాడు ఉసిరికాయలు, ఒకసారి ఆకులో చుట్టిన జుంటితేనె పట్టు, అది కారి తలంతా అంటుకొని ఉండేది. అమ్మ కుంకుడుకాయలు కొట్టుకుంటా తిట్టేది. ఆయన తల వంచుకొని కూర్చొని తిట్లన్నీ తిని, మా వైపు తిరిగి ఒక కన్ను మూసేవాడు.

* * *

మా ఇల్లు బోదకొట్టం. మట్టి గోడలు, పైన వెదురు దబ్బలు, దాని మీద బోద. రెండు మూడేండ్లకొకసారి కప్పు మార్చాల. అందుకని ఆ కాలంలో మగవాళ్ళంతా కలిసి మొబ్బున్నే కొండెక్కేవాళ్ళు. సంగటి ముద్ద, ఊరిమిండి, ఎర్రగడ్డ మూట కట్టుకొని. సాయంత్రం దిగేటప్పుడు మనుషులు కనపడేవాళ్ళు కాదు. దోవంబడి గడ్డిమోపులే కాళ్ళొచ్చి నడిచొస్తా ఉన్నట్టుండేది. అన్నిట్లోకీ మా నాయన మోపును అక్క గుర్తుపట్టేది. కుడికి వొంగి ఉంటుందని.

పాత కప్పు పీకే రోజు మాకు పండగ. బడి ఎగ్గొట్టేవాళ్ళం. ఇప్పటి పిలకాయలకు చూరు అంటే తెలీదు. చూరు మా బీరువా. దువ్వెన చూరులోనే, కొడవలి చూరులోనే, అవ్వ చుట్టలు, అమ్మ సవరం, రేషను కార్డు, సూది, బాకీ చీటీ, అన్నీ అందులోనే దోపేవాళ్ళు. దోపింది మరిచిపోతే అంతే, కప్పు మార్చినప్పుడే మళ్ళీ బయటపడేది. పైనుంచి నల్లబడిన గడ్డి దబదబా పడతా ఉంటే మేము కట్టెపుల్లలతో కెలికేవాళ్ళం. తేళ్ళు ఉంటాయి, చూసుకోండ్రా అని అరుస్తానే ఉండేవాళ్ళు. ఉన్నాయి కూడా. మేము వెతికేది మాత్రం పండ్లు. తినే పండ్లు కాదు, నోట్లోవి. ఊడిన పాలపండ్లు ఇంటి మీదికి విసిరేస్తాం కదా, అవి. ఒక పన్ను దొరికితే నాదంటే నాదని అక్కా నేనూ జుట్లు పట్టుకున్నాము. అవ్వ దాన్ని తీసుకొని వెలుతురుకు పెట్టి చూసి, “ఇది మీ నాయనది” అని తేల్చేసింది. ఎలక పన్నేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

కొత్తది కప్పేటప్పుడు నాకొక ఉద్యోగం ఉండేది. ఇంటి లోపల అటక మీద కూర్చోవాలి. పైన నాయన బోద పరిచి, కిత్తనార తాడు కట్టిన పొడుగాటి చెక్క సూదిని లోపలికి గుచ్చుతాడు. నేను దాన్ని పట్టుకొని వెదురు దబ్బకు అవతల పక్కనుంచి మళ్ళీ పైకి గుచ్చాలి. అంతే పని. అయితే చీకటి. గడ్డి సందుల్లోంచి సూదులంత సన్నంగా వెలుతురు పడతా ఉంటుంది, ఆ వెలుతురులో దుమ్ము ఆడతా ఉంటుంది. ముక్కులో కొత్త బోద వాసన, కొంచెం తీపి, కొంచెం ఘాటు. మనిషి కనపడడు, గొంతొక్కటే వస్తుంది. “ఎడంకు. ఇంకా ఎడంకు. ఆ... ఇప్పుడు తొయ్యి.” తోస్తే సూది సర్రున పైకి పోయేది, తాడు బిగుసుకునేది, దబ్బ కిర్రుమనేది. ఒకసారి సూది కొస నాయన అరచేతిలో దిగింది. పైనుంచి ఏ చప్పుడూ లేదు. కొంచెం సేపటికి “ఊ, కానీ” అనింది గొంతు. సూది మళ్ళీ లోపలికొచ్చినప్పుడు కొసన రక్తముంది. నేనేం మాట్లాడలేదు, ఆయనా మాట్లాడలేదు. కప్పు అయిపోయినాక అమ్మ చూసి పసుపు పెట్టింది.

ఆ రాత్రి కొత్త కప్పు కింద పడుకుంటే ఆ వాసనకు నిద్ర పట్టేది కాదు. వారం దాకా చొక్కాలకు, సంగటికి, అక్క జడకు అన్నిటికీ అదే వాసన.

* * *

చింతకాయ రాల్చేది కూడా అప్పుడే. మా చేని గట్టున రెండు మాన్లు, గుడి కాడ ఉమ్మడిది ఒకటి. మగవాళ్ళు కొమ్మలెక్కి దులిపితే ఆడవాళ్ళు కింద ఏరేవాళ్ళు. ఆ తర్వాత పది పదైదు దినాలు ఏ ఇంటి ముందర చూసినా అదే సంగీతం. టక్ టక్ టక్. పెంకు కొట్టేది, ఈనె లాగేది, పిక్క తీసేది. రాత్రిపూట బుడ్డి చుట్టూ చేరి మాట్లాడుకుంటా ఒలిచేవాళ్ళు. ఊళ్ళో ఎవురికి సంబంధం కుదిరింది, ఎవురికి చెడింది అంతా ఆ చింతపండులోనే కలిసిపోయేది. వేళ్ళు పగిలి పులుపు మండితే కొబ్బరినూనె రాసుకొని మళ్ళీ కూర్చునేవాళ్ళు.

పిక్కలు మావి. వేయించుకొని తింటే దవడలు నొప్పిపుట్టేవి. మిగిలినవి వామనగుంటలకు. అక్క ఆటలో తొండి చేసేది, చేసి ఒప్పుకునేది కాదు, ఇప్పుడు నలుగురు మనవళ్ళకు నీతులు చెప్తా ఉంది.

చెట్టు మీద కంసాలిపిట్ట కూడా అదే కాలంలో మొదలుపెడుతుంది. టుంక్, టుంక్, టుంక్. అచ్చం కంసాలి సుత్తి దెబ్బే. ఎంత వెతికినా కనపడదు. పచ్చగా ఆకులో ఆకు మాదిరి ఉంటుంది. కింద ఆడవాళ్ళు చింతకాయ కొడతా ఉంటే పైనుంచి అది తాళం వేసేది. ఎవురు ఎవురికి తాళం వేసినారో చెప్పలేను.

* * *

ఇప్పుడు బూరుగ చెట్టు సంగతి. అసలు రాయాలనుకున్నది ఇదే.

వంక మలుపులో ఒక బూరుగ మాను ఉండేది. మాఘం దాటేసరికి ఆకంతా రాల్చేసి ఎర్రెర్రగా పూసేది. పూవు అంటే మల్లెపూవు మాదిరి కాదు, పిడికిలంత. పడితే దబ్బున చప్పుడు. తేనె కోసం గోరింకలు, కాకులు, ఉడతలు, అదొక సంత. ఆ మాను మొదట్లో, లేత కొమ్మలకు ముళ్ళుంటాయి. శంకు మాదిరి, అడుగున వెడల్పుగా, పైన మొనగా. నాయన నాకు నేర్పించిన ఒకే ఒక విద్య ఆ ముల్లును విరిచేది. నిలువుగా లాగితే రాదు, చెయ్యి చీరుకుంటుంది. బొటనవేలు పెట్టి పక్కకు నెట్టాలి. టప్పున ఊడొస్తుంది, అడుగు నున్నగా ఉంటుంది. దాన్ని బండ మీద నీళ్ళు చల్లి అరగదీస్తే ఇంకా నున్నగా అవుతుంది. దాని మీద బ్లేడు ముక్కతో అక్షరం చెక్కితే ముద్ర తయారు.

బడిలో మాకందరికీ ఆ పిచ్చి పట్టింది. ఒకడు పూవు చెక్కినాడు, ఒకడు సైకిలు చెక్కబోయి రెండు సున్నాలతో ఆపేసినాడు. రంగుకు ఇంకు ఎవురిస్తారు? మా ఇంట్లో ఒక ఎర్రచందనం చెక్క ఉండేది, పాత రోకలి విరిగిన ముక్క. నీళ్ళలో వేస్తే రాయి మాదిరి మునిగిపోయేది. ఇప్పుడు ఎర్రచందనం అంటే జనం గొంతు తగ్గించి మాట్లాడతారు గానీ అప్పుడు దాంతో రోకళ్ళు, గుంజలు చేసుకునేవాళ్ళు. ఆ ముక్కను సానరాయి మీద నీళ్ళతో అరగదీస్తే రక్తం మాదిరి ఎర్రటి గంధం. దాంట్లో ముల్లు అద్ది గోడ మీద కొడితే ఎర్రటి చుక్కలో తెల్లగా అక్షరం.

నాయన ఒకనాడు నా పక్కన గొంతుక్కూర్చొని శానాసేపు చూసినాడు. “నా పేరుది చెక్కుతావా?” అన్నాడు. నాయనకు చదువు లేదు. సొసైటీ కాగితాలకైనా, పట్టాకైనా వేలిముద్రే. ఆయన పేరు ‘ము’తో మొదలవుతుంది. మా వైపు ఇంటికొక ముని ఉంటాడు కదా. నేను రెండు దినాలు కష్టపడి ‘ము’ చెక్కినాను. ఎంత బాగా వచ్చిందో. కొమ్ము తిప్పింది కూడా చక్కగా కుదిరింది.

గోడ మీద కొట్టి చూస్తే కొమ్ము ఎడమకు పోయింది.

ముద్రకు అక్షరం తిరగేసి చెక్కాలని నాకప్పుడు తట్టలేదు. మళ్ళీ చెక్కుదామనుకునే లోపల నాయన దాన్ని తీసుకొని మొలతాడుకు కట్టేసుకున్నాడు. ఆయనకు తేడా తెలీదు. నాకు చెప్పను నోరు రాలేదు. ముందు భయం, తర్వాత ఇంకేదో.

అంతకు ముందు ఆయన లెక్కలన్నీ బొగ్గుగీతలే. ఎన్ని మోపులు బోద, ఎన్ని గంపల చింతకాయ, ఎవురికి ఎన్ని దినాలు బదులు పని చెయ్యాల, అన్నీ వంటింటి గోడ మీద నిలువు గీతలు. ఆ ఏడు నుంచి గీతలు పోయి ముద్రలొచ్చినాయి. జాజు, అదే ఎర్రమట్టి నీళ్ళలో అద్ది, సున్నం గోడ మీద ఒకదాని పక్కన ఒకటి. చింతపండు కుండల మెడ మీద కూడా కొట్టేవాడు. ఆ కుండలు చిత్తూరులో ఉండే మేనత్త ఇంటికి పోయేటివి, పీలేరులో చుట్టాలింటికి పోయేటివి. అన్నిటి మీదా కొమ్ము ఎడమకు తిరిగిన ‘ము’. చదువుకున్నవాళ్ళు ఎవురైనా చూసి ఉంటారా అని నాకు రాత్రిపూట కడుపులో తిప్పేది.

* * *

ఒక ఫాల్గుణ పౌర్ణమికి నాయన నన్ను తుంబురు తీర్థానికి పిలుచుకొని పోయినాడు. తిరుమల కొండ మీద పాపవినాశనం దాటి అడివిలో నడవాలి. ఆ పౌర్ణమికి ముక్కోటి, వేలమంది పోతారు. నాకు గుర్తున్నది జనం కాదు. చివర్లో కొండ రెండుగా చీలినట్టు ఉంటుంది. రెండు పక్కలా నిటారు బండలు, మధ్యలో నీళ్ళు, ఎండ దిగదు. నాకు మునక లోతు. నాయన నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకొని నీళ్ళలోకి దిగినాడు. నేను రెండు చేతులా తలగుడ్డ పట్టుకున్నాను. ముందు ఎవురో “గోవిందా” అన్నారు. బండలు తిరిగి అన్నాయి. నాయన గొంతెత్తి అరిచినాడు. ఆ గొంతు అంత పెద్దదని నాకు అంతవరకు తెలీదు. మళ్ళీ అరిచినాడు, బండ పలికితే పకపకా నవ్వినాడు, నవ్వితే నేను ఊగినాను. వెనకాల నడిచే ముసలాయన “మెల్లిగా అబ్బోడా, పిల్లోణ్ణి పడేస్తావు” అన్నాడు. మా నాయనను అబ్బోడా అనినోణ్ణి నేను అప్పుడే చూసినాను.

తిరిగొచ్చేటప్పుడు నిద్రపోయినాను. ఇంక గుర్తులేదు.

* * *

ఆ రోజుల్లోనే రాత్రిళ్ళు కొండ అంటుకునేది. దూరం నుంచి చూస్తే సెగ తెలీదు. చీకట్లో సన్నటి ఎర్ర దండ ఒకటి మెల్లిగా పాకతా ఉండేది. మేము వాకిట్లో మంచాల మీద పడుకొని, అది ఆ గుండు దాటుతుందా లేదా అని పందేలు కట్టుకునేవాళ్ళం. నాయన మాత్రం నవ్వేవాడు కాదు. “అన్నీ అందులోనే ఉండాయి కదరా” అనేవాడు. ఏమేమి ఉన్నాయో చెప్పేవాడు కాదు. తెల్లారి ఆ వాసన వచ్చేది. మొన్న యూనివర్సిటీలో తగిలిందే.

శేషాచలంలో కొంత భాగాన్ని 1989లో నేషనల్ పార్కు చేసినారు, 2010లో మొత్తంగా బయోస్ఫియర్ రిజర్వు అన్నారు. బోదకు కొండెక్కడం అంతకు ముందే మెల్లగా తగ్గిపోయింది. కొంత మనుషుల్ని పోనియ్యక, ఎక్కువ మనుషులే పోక. మావాళ్ళు రేకులేసుకున్నారు, ఆ తర్వాత మిద్దెలు. అడివికి అదే మంచిదేమో. కాదనలేను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మిద్దింట్లో పడుకున్నప్పుడు మాత్రం ఒప్పుకోను.

* * *

చిత్తూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షర తపస్మాన్ అని పెద్దవాళ్ళకు రాత్రి బడులు పెట్టినారు. మా జిల్లాలో భారతం ఉత్సవాలు జరిగినప్పుడు అర్జునుడి వేషం ఎక్కే తపస్సుమాను ఉంది చూడండి, ఆ పేరే. నేనప్పటికి ఉద్యోగంలో చేరి వేరే ఊర్లో ఉండాను. సెలవుకు వస్తే నాయన లాంతరు పట్టుకొని పలక చంకన పెట్టుకొని పోతా ఉండాడు. నేనూ వెనకాలే పోయినాను.

చెప్పే పిల్ల ఇంటరో ఏదో చదివిన మా ఊరి పిల్లే. “తాతా, నీ పేరు రాయి” అనింది. ఆయన పలక మీదికి వంగి, నాలిక బయటపెట్టి, మొదటి అక్షరం రాసినాడు. మ చక్కగానే వచ్చింది. కొమ్ము ఎడమకు తిరిగింది. ఆ పిల్ల తుడిచి కుడికి తిప్పి చూపించింది. ఆయన మళ్ళీ ఎడమకే తిప్పినాడు. మూడోసారి ఆ పిల్ల నవ్వి, “ఇట్ట ఎవురు నేర్పించినారు తాతా?” అనింది.

నాయన నా వైపు తిరిగి చూపించి, “మావోడే” అన్నాడు. “వాడు చదువుకున్నోడు.”

ఆయన సంతకం నేర్చుకున్నాడు. బ్యాంకు పుస్తకంలో కుడి కొమ్ముతోనే ఉంటుంది. వంటింటి గోడ మీద మాత్రం కడాకరు దాకా పాతదే కొట్టినాడు.

* * *

వాసన తగిలిన మూడో దినం ఊరికి పోయినాను. మా ఇల్లున్న తావులో తమ్ముడు మిద్దె కట్టి పన్నెండేండ్లయింది. వంటింటి గోడ పడగొట్టేటప్పుడు నేను లేను. వంక మలుపులో బూరుగ ఉంది, సగం ఎండిపోయింది, మిగతా సగం పూసింది. బొటనవేలితో పక్కకు నెట్టినాను. రెండు సార్లు చీరుకుంది, మూడోసారి టప్పుమనింది.

ఇంటికి తెచ్చి బాల్కనీలో సిమెంటు గట్టు మీద అరగదీసి, కూరగాయల కత్తితో ‘ము’ చెక్కినాను. తిరగేసి చెక్కాలని ఇప్పుడు తెలుసు. అయినా తిన్నగానే చెక్కినాను. అక్షరం బాగానే కుదిరింది, రంగే లేదు. అంగట్లో స్టాంపు ప్యాడు నీలిరంగుదే ఉంది.

మా ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న తిరుపతి చెక్కబొమ్మల జంట ఒకటి షోకేసులో ఉంది, అచ్చమైన ఎర్రచందనం. మొగబొమ్మ అడుగు భాగం కొంచెం, రవ్వంత, ఎవురికీ కనపడకుండా సానరాయి మీద అరగదీసుకుంటానని అడిగినాను.

“దాని మీద చెయ్యి పడిందంటే సంగటి తెడ్డు విరుగుతుంది” అనింది. సందకాడకు మళ్ళీ అడుగుతాను.